మా అంగడి టీయే నన్ను మంచం పట్టించింది

మొదటే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎవర్నీ క్షమించి కూర్చొని ఇది రాయడం లేదు. జబ్బు చేసి లేచినోళ్ళు చెప్పే కతల్లో కడాకి అందరినీ క్షమించేసి దేవుడికి దండం పెట్టేస్తారు. దండం నేనూ పెట్టినాను. క్షమించడం మాత్రం నాకు చేత కాలేదు. ఆ కోపం ఉండబట్టే ఇంత తొందరగా లేచి తిరగతా ఉండానని నా అనుమానం.

నా పేరు వసంత. యాభై మూడేళ్ళు. వాషర్‌మెన్‌పేట్‌లో మాది నాటుమందుల అంగడి. మా మామగారి నాయన కాలం నించీ ఈడే ఉండాము. మామగారికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన రంగనాథం, నాకు బావగారు. అంగడి ఆయన చేతిలో ఉండాది. రెండో ఆయన మోహన్, మా ఇంటాయన. ఈయనకి బేరాలాడటం రాదు, నోట్లో నాలిక లేని మనిషి. చూలైలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు పెట్టుకోని పెళ్ళిపత్రికలు అచ్చేస్తా ఉంటాడు. కొడుకులిద్దరిలో ఎవరికీ మూలికలు రావు. వచ్చింది నాకు. కోడలుగా అడుగు పెట్టిన నెలలోనే మామగారు నన్ను వెనక గదిలో చేటల ముందర కూర్చోబెట్టి, ఏది ఆకు, ఏది చెత్త, ఏది విషం అని ఏరను నేర్పించినాడు.

ఆయనకో పద్ధతి ఉన్నింది. ఎవరొచ్చి ఏమడిగినా తక్కెడ ముట్టేవాడు కాదు. ఎవరికి, ఎన్ని దినాలకి, వేరే మాత్రలు ఏమన్నా మింగతా ఉండారా, ఈ మూడూ అడిగినాకే తూచేవాడు. అతిమధురం అయితే మరీ కచ్చితం. వేలెడు పుల్ల ఇచ్చేవాడు, పొడి చేసి దోసిళ్ళతో పోసేవాడు కాదు. "గొంతుకి ఇంత మంచిది ఇంకోటి లేదమ్మా. పొడిదగ్గుకీ మంచిదే. పది దినాలు దాటిందంటే మాత్రం నీరు పట్టిస్తుంది, బలం పీకేస్తుంది" అని చెప్పేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

కరోనా అప్పుడు కషాయం పొడికని మా వీధి చివరదాకా క్యూ నిలబడినారు. అదంతా సద్దుమణిగినాక బావగారికి బుర్రలో వెలిగింది. కషాయం అంటే పిల్లకాయలు ముక్కు మూసుకుంటారు, హెర్బల్ టీ అంటే ఐటీ కంపెనీ వాళ్ళు కూడా కొనుక్కుంటారు అని. కలిపే పని నాకిచ్చినాడు. నిజం చెప్తే నాకు సంతోషంగానే ఉన్నింది. ముప్పై ఏళ్ళు చేటల ముందర కూర్చున్న దానికి ఒకటి నా చేత్తో తయారయింది గదా అని.

ఏమేసినానో చెప్తాను, మీకూ పనికొస్తుంది. జలుబుకి ఎండిన తులసి. కడుపులో తిప్పకుండా, తిన్నది అరిగేదానికి శొంఠి. పెళ్ళిభోజనం తిన్నట్టు బరువుగా ఉన్నప్పుడు హాయిగా ఉండాలని పుదీనా. వాసనకీ, మనసు నెమ్మదించేదానికీ నిమ్మగడ్డి. రంగుకి ఎండు మందారం. అది బీపీని కొంచెం దించుతుందంటారు, అందుకే బీపీ మాత్రలు మింగేవాళ్ళు డాక్టర్ని అడిగి తాగాలి. షుగర్ ఉన్నోళ్ళు అడిగి మరీ కొనే ఆవారంపూ, అంటే మన తంగేడు పువ్వు. చిన్న ముక్క దాల్చిన చెక్క. తీపికి చిటికెడు అతిమధురం. చిటికెడే.

మా ఇంట్లో ఇంకో ఆచారం ఉండాది. అంగడిలో ఏది కలిపినా ఇంటి ఆడోళ్ళు కాచుకోని తాగి చూసినాకే పొట్లం కట్టాలి. మా అత్తగారు పోయినాక ఆ పని మా అక్క సరోజా, నేను చూసుకునేవాళ్ళం. సరోజక్క అంటే బావగారి భార్య, నాకు తోడికోడలు. అక్కకి వేడి పడదు, ఒక గుక్క తాగి పెట్టేస్తుంది. నేను గ్లాసు నిండా తాగేదాన్ని. టీ అమ్ముడుపోయే కొద్దీ నేను తాగేది కూడా పెరిగింది. కాఫీ మానేసినాను. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు గ్లాసులు. మన సరుకే గదా, మన చేత్తో కలిపిందే గదా. వచ్చినోళ్ళనంతా అడగాల్సినవి అడిగి పంపిస్తాం, మా ఇంట్లో మమ్మల్ని మేం అడుక్కోము. అదీ మేం చేసే తప్పు.

నిరుడు మాఘమాసంలో కలిపే పని బావగారు వెనక గదిలో నించి మాధవరం దగ్గిర ఒక మిల్లుకి మార్చినాడు. ఆడ నించి వచ్చిన మొదటి మూట కాచుకోని తాగినప్పుడే అనుకున్నాను, తీపి ఎక్కువగా ఉండాదే అని. అడిగినాను కూడా.

"ఏం లేదమ్మా, దాల్చిన చెక్క మార్చినా. కేరళ సరుకు. అది తియ్యగా ఉంటుంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళు మందులు రుచి చూసిన నాలిక ఇది. దాన్ని నమ్మకుండా ఆయన మాట నమ్మినాను. ఆ ఒక్క దానికి నన్ను నేను తిట్టుకుంటాను. మిగతాదంతా ఆయన ఖాతాలోనే.

చిత్తిరై నెల ఎండల్లో మొదలయింది. పడుకుంటే పిక్కలు పట్టేసేవి. ఎండకి నీళ్ళు తక్కువయ్యాయేమో అనుకున్నాను. తర్వాత పాదాలు ఉబ్బినాయి. మెట్టెలు కోసుకుపోతా ఉంటే సబ్బు రాసి తీసేసినాను. తలనొప్పి. మేడ మీదికి పోవాలంటే సగం మెట్లలో కూర్చుండిపోయేదాన్ని. కాళ్ళు నావే, నా మాట వినేవి కాదు.

"వయసు వచ్చింది గదమ్మా. ఆడోళ్ళకి ఈ వయసులో ఇట్టాంటివి మామూలే" అన్నాడు బావగారు. "ఇంకో గ్లాసు ఎక్కువ తాగు. నీరసం పోతుంది."

తాగినాను. ఆస్పత్రికి పోదామని మా ఇంటాయన రెండుసార్లు అన్నాడు. బావగారు ఒప్పుకోలేదు. "నాటుమందుల అంగడి కోడలు ఇంగ్లీషు ఆస్పత్రి వరండాలో కూర్చుంటే, చూసినోళ్ళు రేపు మన కాడికి వస్తారా?" అన్నాడు. మా ఇంటాయన తల దించుకున్నాడు. అన్న ముందర తల ఎత్తడం ఆయనకి ఎప్పుడూ అలవాటు లేదు. ఆ పూట ఆయన మీద కూడా నాకు మండింది, దాచిపెట్టను.

ఆడి నెల, మన ఆషాఢం లాంటిదే. రెండో శుక్రవారం. కూరగాయలు కొనుక్కోని మార్కెట్టు వీధిలో నిలబడి ఉన్నాను. గుండె ఒక్కసారి ఎగిరి, కాసేపు ఆగి, మళ్ళీ ఎగిరింది. వంకాయల బుట్ట మీద పడినాను. లేవమంటే లేవలేను, చెయ్యి ఎత్తమంటే చెయ్యి లేవదు. తెలివి మాత్రం పూర్తిగా ఉన్నింది. చుట్టూ నిలబడినోళ్ళు "పాపం, పక్షవాతం" అంటా ఉంటే వింటా ఉన్నాను. పోయినాననే అనుకున్నాను. నా చీర సరిగ్గా ఉండాదా అని కూడా అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో చూడండి.

ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయినారు. ఎమర్జెన్సీ ముందర వరసగా కట్టేసిన ఇనప కుర్చీలు, ఎవరో ఒకరు ఏడస్తానే ఉంటారు, టోకెన్ నంబరు పిలిస్తే నలుగురు లేస్తారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, తమిళమ్మాయి. ముఖం చూస్తే మా మేనకోడలి వయసు. నెమ్మదిగా అడిగింది. ఒంట్లో పొటాషియం బాగా పడిపోయింది, బీపీ చూస్తే ఆకాశంలో ఉండాది, ఎందుకో తెలియడం లేదు, ఏమన్నా మందులు వాడతా ఉండారా, నాటుమందులు, కషాయాలు, టీలు?

నా నాలిక మొద్దుబారి ఉన్నింది. బావగారు ముందరికొచ్చి తమిళంలో చెప్పినాడు. "ఒణ్ణుమే ఇల్లమ్మా. ఏమీ వాడదు. ఎప్పుడన్నా ఇంత తులసి నీళ్ళు తాగుతుంది, అంతే."

నేను వింటా ఉన్నాను. తప్పు అని చెప్పేదానికి నోరు తిరగలేదు. తల ఊపబోతే ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి "నువ్వు అలిసిపోకమ్మా" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నాకు తెలుస్తా ఉంటుంది.

దాంతో రెండు దినాలు పోయినాయి. స్కాన్లు, రక్తం, మూత్రం, మళ్ళీ రక్తం. కిడ్నీ మీద గడ్డ ఉండాదేమో అన్నారు, మా ఇంటాయన వరండాలో కూలబడిపోయినాడంట. నా చేతిలోకి పొటాషియం డ్రిప్పు ఎక్కిస్తా ఉంటే నరంలో మిరపకాయ నూరి పోసినట్టు మండేది. ఎక్కించింది ఎక్కించినట్టే పోతా ఉన్నింది. పోదా మరి? మా ఇంటాయన కాడ ఫ్లాస్కు ఇచ్చి "చల్లారకుండా తాగించు" అని పంపించింది ఎవరు? బావగారే. ఫ్లాస్కులో ఉండేది ఆ టీయే. మా ఇంటాయన స్పూనుతో నా నోట్లో పోస్తా ఉన్నాడు, పాపం, మంచిదనుకోని.

పక్క మంచం మీద ఒక ముసలామె. ఆమె కూతురు సెల్వి, చూలైలో పూలు కట్టి అమ్ముతుంది. నా చేతులు లేవడం లేదని చూసి, అడక్కుండానే వచ్చి నా జుట్టు చిక్కు తీసి జడేసింది. "రెండు దినాలకే ఇంత చిక్కా అక్కా" అని నవ్వింది. మా ఇంటాయన తిన్నాడో లేదో కనుక్కోని రెండు ఇడ్లీలు తెచ్చి పెట్టేది. మా వాళ్ళు కాదు, మా కులం కాదు, మా భాష కాదు. ఆమె చేతులు సల్లగుండాలి.

మూడో దినం పొద్దున సరోజక్క వచ్చింది. మిరియాల రసం తెచ్చింది. ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, దాన్ని పట్టుకోని అట్టనే నిలబడిపోయింది.

"ఇది తాగిస్తా ఉండారా నీకు, ఈడ కూడా?"

అవునన్నట్టు కళ్ళు ఆర్పినాను. అక్క మంచం అంచున కూర్చోని నా చెవి కాడికి వంగింది.

"వసంతా, అతిమధురం మూడింతలు వేస్తా ఉండాడే. చక్కెర లేకుండా తియ్యగా ఉండాలని కొనేవాళ్ళు అడగతా ఉండారంట. మిల్లులో వాళ్ళతో ఫోన్లో చెప్తా ఉంటే విన్నాను. నీకు చెప్పొద్దని నా మీద ఒట్టు పెట్టించుకున్నాడు. నీకు ఇట్టవుతుందని నాకు తెలీదే."

"పో. డాక్టరమ్మకి చెప్పు" అన్నాను. ఎట్ట అన్నానో నాకే తెలీదు, నాలిక తిరిగింది.

అక్క పోయింది. ముప్పై అయిదేళ్ళుగా మొగుడి మాటకి ఎదురు చెప్పని మనిషి, ఫ్లాస్కు చంకలో పెట్టుకోని పోయి డాక్టరమ్మ ముందర పెట్టి అంతా చెప్పేసింది. డాక్టరమ్మ అంతా నా కేసు కాగితంలో రాసుకుందంట. తర్వాత ఒక్కటే అడిగిందంట: "ఇది మొదటి దినమే ఎందుకు చెప్పలేదు?"

టీ ఆపినారు. రోజులు గడిచే కొద్దీ కాళ్ళు నావయినాయి. అయిదో దినం దువ్వెన పట్టుకున్నాను. తొమ్మిదో దినం ఇంటికి పంపించినారు. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకోని "ఇంకో దినం ఆగి ఉంటే గుండె ఆగిపోయి ఉండేది అమ్మా" అని చెప్పింది. ఆ మాట నేను మా ఇంటాయనకి చెప్పినాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

ఇది చదివేవాళ్ళకి నాదొక్కటే మాట. డాక్టరు అడిగితే మీ వంటింట్లో డబ్బాలతో సహా చెప్పండి. చెట్టు నించి వచ్చింది గదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. మిమ్మల్ని టీ మానమని నేను చెప్పడం లేదు. ఇప్పటికీ పొద్దున్నే రెండు తులసాకులు, కొంచెం అల్లం వేసుకోని ఒక గ్లాసు తాగతా ఉండాను. మంచిదే. ఒక గ్లాసు మంచిది.

వినాయక చవితికి ముందర బావగారు నన్ను చూసేదానికి వచ్చినాడు. దానిమ్మకాయలు తెచ్చినాడు. కుర్చీ లాక్కోని కూర్చోని, "ఆస్పత్రి కత బయట ఎవరికీ చెప్పొద్దమ్మా. నాయన పేరు పోతుంది" అన్నాడు.

"బావగారూ, నాకు రెండే రెండు కావాలి" అన్నాను. "ఆ టీ అమ్మడం ఆపేయండి. తప్పు నాదేనని ఒక్కసారి నోటితో చెప్పండి. అంతే, ఇంకేమీ అడగను."

నవ్వినాడు. నిజంగా నవ్వినాడు. "నీ ఒంటికి పడలేదు వసంతా. ఊరంతా తాగతా ఉండారు, ఎవరికేమయింది?"

సరి, ఊరంతా తాగతా ఉండారు గదా, ఊరికే చెప్తాను అనుకున్నాను. నోటితో మాత్రం "దానిమ్మకాయలు తియ్యగా ఉండాయా బావగారూ?" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. దీపావళికి అటూ ఇటూ పడే ఐప్పసి వానలంతా ఇంట్లో కూర్చోని మెల్లగా నడక నేర్చుకుంటా, ఎట్టా అని ఆలోచిస్తానే ఉన్నాను. తినింది అరిగేదో లేదో గానీ ఆ ఆలోచన మాత్రం బాగా ఒంటబట్టింది.

దారి ఆయనే చూపించినాడు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఆయన షష్టిపూర్తి. పురసవాక్కంలో పెద్ద మండపం మాట్లాడినాడు. బంధువులు, అంగళ్ళ వాళ్ళు, పాత గిరాకీ, అంతా కలిపి అయిదు వందల మంది. పోయేటప్పుడు ఇచ్చే తాంబూలం సంచిలో ఆకు, వక్క, టెంకాయతో పాటు మన టీ పొట్లం కూడా పెట్టిస్తానన్నాడు. మా ఇళ్ళల్లో తాంబూలం సంచులు కట్టేది చిన్నకోడలే. పాత ఆచారం.

"నువ్వు అలిసిపోతావేమో, మండపం వాళ్ళకి చెప్తాలే" అన్నాడు.

"అదేం మాట బావగారూ, మీ షష్టిపూర్తికి నేను కట్టకపోతే ఎట్ట?" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. కోపం పోయిందిలే అనుకున్నాడు.

ఆ సంచుల్లో పెట్టేదానికి ఒక చీటీ అచ్చెయ్యమని మా ఇంటాయనకి కాగితం మీద రాసిచ్చినాను. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క తమిళం. మా పిల్లకాయలకి తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను రాదు. ఆయన చదివినాడు. కళ్ళజోడు తీసి తుడుచుకోని మళ్ళీ చదివినాడు. అన్న ముందర తల ఎత్తని మనిషి, ఏమంటాడో అని చూస్తా ఉన్నాను.

"స్పూనుతో నేనే పోసినాను గదా" అన్నాడు. తర్వాత "అయిదు వందలు చాలా? ఆరు వందలు వేస్తాను" అన్నాడు.

ముందు దినం సాయంత్రం మండపం వెనక గదిలో సంచులు కడతా ఉన్నాను. సరోజక్క వచ్చింది. చేతులకి గోరింటాకు, మరుసటి దినం మళ్ళీ పెళ్ళికూతురు గదా. ఒక చీటీ తీసి చదివింది. నా గుండె మళ్ళీ ఆడి నెలలో లాగా ఎగిరింది. అక్క కాదంటే ఆపేసేదాన్ని. నిజం, ఆమె ఒక్కతి కోసం ఆపేసేదాన్ని.

అక్క చీటీని మడిచి సంచిలో పెట్టింది. "ఇంకొంచెం కిందికి తొయ్యి. పైకి కనపడతా ఉండాది" అనింది. నా పక్కనే కూర్చోని మిగతావి కట్టింది.

మరుసటి దినం అంతా బాగా జరిగింది. కలశాల నీళ్ళు పోసినారు, మళ్ళీ తాళి కట్టినాడు, దండలు మార్చుకున్నారు. నేను పట్టుచీర కట్టుకోని పోయి ఆయన కాళ్ళకి దండం కూడా పెట్టినాను. అక్షింతలేసి "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. భోజనాల మొదటి పంక్తి లేచింది. నాదస్వరం వాళ్ళు కూడా తినేదానికి పోయినారు. బావగారూ అక్కా వేదిక మీద సింహాసనం కుర్చీల్లో కూర్చోని ఉండారు.

మొదటి సంచి తీసుకున్నది గురవయ్య పెదనాయన. ఎనభై దగ్గర పడింది. బావగారికి చిన్నప్పుడు తక్కెడ పట్టుకోను నేర్పించింది ఆయనే, వీధిలో పెద్దమనిషి. సంచిలో వక్క కోసం వెతకతా చీటీ బయటికి తీసినాడు. అటూ ఇటూ తిప్పి చూసి, కర్ర పొడుచుకుంటా మళ్ళీ వేదిక ఎక్కినాడు. చెప్పులు లేని పాదాలు, ఎంత ఉబ్బి ఉండాయో కింద నించే కనపడతా ఉండాయి.

"రంగా, ఇందులో ఏందో చీటీ పెట్టించినావే. కళ్ళజోడు మరిచిపోయి వచ్చినా, నువ్వే చదవరా. గట్టిగా చదువు, నాకు చెవులు సరిగా వినపడవు."

బావగారు నవ్వుకుంటా తీసుకున్నాడు. ప్రెస్సు తమ్ముడు అన్నకి ఏదో అభినందన అచ్చేసినాడు అనుకున్నాడేమో. గొంతు సవరించుకోని గట్టిగా మొదలుపెట్టినాడు.

"బంధుమిత్రులకు నమస్కారం. ఈ సంచిలో మా అంగడి టీ పొట్లం ఉన్నది. ఇందులో అతిమధురం ఉండాల్సినదానికి మూడింతలు ఉన్నది. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, కడుపుతో ఉన్నవారు దయచేసి..."

ఆగిపోయినాడు. మెల్లగా తల ఎత్తి ఎదురుగా వెతికినాడు. మొదటి వరసలో కూర్చోని నేను ఆయన్నే చూస్తా ఉండాను. ఒక్క రెప్ప కూడా వెయ్యలేదు.

"ఆగినావేందిరా? చదువు" అన్నాడు పెదనాయన.

పంక్తిలో నించి లేచి వచ్చినోళ్ళు ఆడనే నిలబడినారు. సంచులు విప్పి చీటీలు తీసుకున్నోళ్ళు పెదాలు కదిలిస్తా చదువుకుంటా ఉండారు. ఇంక దాచేదానికి ఏమీ లేదు. ఆయన గొంతు తగ్గించినాడు.

"...తాగవద్దు. ఇది తాగి నేను తొమ్మిది దినాలు ఆస్పత్రిలో ఉన్నాను. అతిమధురం పెంచింది మా బావగారు. డాక్టరు అడిగితే దాచింది కూడా ఆయనే. ఇట్లు, ఈ ఇంటి చిన్నకోడలు వసంత."

పెదనాయన కర్ర మీద రెండు చేతులు పెట్టుకోని వంగి తన పాదాలు చూసుకున్నాడు.

"ఆరు నెలలుగా తాగతా ఉండానే ఇది. నువ్వే గదరా ఇంటికి పంపించింది, పెదనాయనకి అని. నాకు బీపీ ఉండాదని నీకు తెలుసు గదా. ఇప్పుడు నీ నోటితో చెప్పు. తాగాలా వొద్దా?"

"వొద్దు" అన్నాడు బావగారు.

"వినపడలేదు."

"వొద్దు పెదనాయనా! తాగొద్దు!" అని అరిచినాడు బావగారు. మండపం అంతా వినింది.